నాగమణి తిన్న తిట్లు

పోయిన వారం ఒక ప్రచురణకర్త ఫోన్ చేసి, నాగమణి మొదటి నవల మళ్ళీ అచ్చు వేస్తున్నామని, ముందుమాట నేను రాస్తేనే బాగుంటుందని అన్నాడు. మీకంటే ఆమెను దగ్గరగా చూసినవాళ్ళు ఇంకెవరున్నారు మేడం అని కూడా అన్నాడు. సంతోషంగా రాస్తానని ఒప్పుకున్నాను. ఫోన్ పెట్టేసి పొయ్యి మీది పాలు దించుతుంటే కడుపులో పాత మంట మొదలైంది. నేను రాసిన పుస్తకాలు ఆమె రాసినవాటికంటే ఎక్కువ. నాకు కప్పిన శాలువాలూ ఎక్కువే, వాటిలో ఒకటి ఇస్త్రీ బల్ల మీద పరుచుకున్నాను కూడా. నా మొదటి పుస్తకం ప్రతులు మాత్రం ఇప్పటికీ మంచం కింద అట్టపెట్టెలో మిగిలే ఉన్నాయి. రచయితలు ఇలాంటివి పైకి చెప్పరు. సభలో ఒకరి పుస్తకాన్ని ఒకరు ఆకాశానికెత్తి, ఆటో ఎక్కగానే పెదవి విరుస్తారు. ఆ నటనకు నాలో ఓపిక అయిపోయింది. నాగమణి అంటే నాకు ప్రాణం, నాగమణి అంటే నాకు కుళ్ళు. ఆమెను జనం మెచ్చుకున్నందుకు కుళ్ళుకున్నానని అనుకుంటారేమో. జనం తిట్టినందుకు కుళ్ళుకున్నాను. అదెలాగో చెప్పాలంటే మా ఇంటి దగ్గర మొదలుపెట్టాలి.

మాది ఖమ్మంలో పరుపులు కుట్టే ఇల్లు. దూదేకులవాళ్ళం. ముందు గది దుకాణం, వెనక గదుల్లో మేము, దొడ్డి వైపున్న రేకుల గది కిరాయికి. నాయిన పొద్దున్నే దూది ఏకే మిషన్ మొదలుపెట్టాడంటే ఇంట్లో ఏ గిన్నె మూత తీసినా నలుసులు పడేవి. అన్నంలో దూది, తలనూనెలో దూది, నా పుస్తకాల పేజీల మధ్య దూది. మార్కెట్ యార్డుకు మిర్చి దిగే రోజుల్లో ఆ ఘాటు గాలి మీద మా వీధి దాకా వచ్చేది. ఘాటూ దూదిపొడీ కలిసి ఇంటిల్లిపాదీ తుమ్ముతూ తిరిగేవాళ్ళం. నాయిన చేతిపనికి ఊళ్ళో మంచి పేరుండేది. కానీ కుట్టిన పరుపు మీద ఎవరైనా ఒక్క మాట అంటే ఆయన పడేవాడు కాదు. నడుం దగ్గర గడ్డ కట్టిందని ఒకాయన రిక్షాలో పరుపు వేసుకొస్తే, గడ్డ పరుపులో లేదు, నీ నడుములోనే ఉంది, దవాఖానాకు పో అని కసిరాడు. అమ్మ వెనక నుంచి వచ్చి ఆ మనిషికి మంచినీళ్ళిచ్చి, పరుపు ఇక్కడ పడేసి పొమ్మని కళ్ళతోనే సైగ చేసింది. నాయిన నమాజుకు వెళ్ళగానే దబ్బనం తీసుకుని కుట్లు విప్పి, గడ్డ చిదిపి, దూది సర్ది, మళ్ళీ కుట్టేసింది. మర్నాడు ఆ మనిషి పరుపు మీద చెయ్యి వేసి చూసి బాగుందంటే, నాయిన నేను చెప్పలేదా అన్నట్టు మీసం దువ్వుకున్నాడు. మా ఇంట్లో పిల్లలెవరికీ అమ్మ చెయ్యి రాలేదు. అందరికీ నాయిన నోరే వచ్చింది, అందులో పెద్ద వాటా నాది.

ఆ రేకుల గదిలోకి నాగమణి కిరాయికి దిగింది. ములకలపల్లి దాటి అడవిలోకి పోతే వచ్చే ఊరు వాళ్ళది, కోయపిల్ల. నాతోపాటే టీచర్ ట్రైనింగు చదివేది. జిల్లా అప్పటికింకా ఒకటే కాబట్టి అటువైపు పిల్లలంతా పై చదువులకు ఖమ్మమే వచ్చేవాళ్ళు. సెలవులకు ఇంటికి వెళ్ళి వస్తే తన సంచిలో ఎండబెట్టిన ఇప్పపువ్వు, చింతపండు, అడ్డాకుల కట్ట, ఒక్కోసారి నాయిన కోసం బూరుగుదూది ఉండేవి. ఇప్పపువ్వు వాసన రేకుల గదిలోంచి వంటింట్లోకి తియ్యగా, పులిసినట్టుగా వచ్చేది. మొదట్లో అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఏడాది తిరిగేసరికి నాగమణి ఊరెళ్ళిన రోజుల్లో ఇల్లు ఇల్లులా లేదని గొణిగేది. తన ఇంటి భాష కోయ, తెలుగు బళ్ళో నేర్చుకున్నది. రాత్రింబవళ్ళు ఏదో రాసి ఆ కాగితాలు నా దగ్గరికి తెచ్చి, "తెలుగుల గిట్లనే అంటరా ఇమాంబీ?" అని అడిగేది. నేను దర్జాగా దిద్ది పెట్టేదాన్ని. ఇంట్లో రచయిత్రిని నేను, తను నా దగ్గర నేర్చుకుంటున్న పిల్ల అనుకునేదాన్ని. అప్పుడు అసూయ పడాల్సిన అవసరమే నాకు కనిపించలేదు.

నా కథల పుస్తకమూ తన నవలా ఒకే ప్రెస్సులో, కొద్ది నెలల తేడాతో అచ్చయ్యాయి. ఆ ప్రెస్సు మేడ మీద నెలకోసారి సాహిత్య సమావేశం జరిగేది. దాన్ని నడిపేది రామనర్సయ్య సార్, రిటైరైన తెలుగు మాస్టారు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. కొత్త పుస్తకం మీద మాట్లాడుతున్నంతసేపు రాసినవాళ్ళు గోడ పక్కన స్టూలు మీద కూర్చోవాలి, నోరు తెరవకూడదు. కింద హోటల్ నుంచి టీ వచ్చాక మాత్రం తమ మాట చెప్పుకోవచ్చు. నా వంతు వచ్చిన రోజు సార్ మొదటి కథ తీసి, చదువు వద్దని అంత పట్టుబట్టిన తండ్రి కూతురి మార్కులు చూడగానే అంత జల్దీ ఎట్లా మారిపోయాడమ్మా అని నెమ్మదిగా మొదలుపెట్టాడు. నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. మా ఇంట్లో జరిగిన సంగతి నాకు తెలుసా మీకు తెలుసా అని అడిగాను. మగవాళ్ళ మనసు మగవాళ్ళకే తెలుస్తుందా అని కూడా అడిగినట్టు గుర్తు. పద్ధతి గుర్తు చేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. సార్ సరేనమ్మా, బాగున్నది అని కూర్చున్నాడు. ఆ తర్వాత లేచినవాళ్ళంతా అట్ట మీద బొమ్మ బాగుందన్నారు, భాష సున్నితంగా ఉందన్నారు, ముస్లిం ఆడపిల్ల కలం పట్టడం మంచి పరిణామమన్నారు. టీ తొందరగా వచ్చేసింది. నేను బిస్కెట్లు తిని, యుద్ధం గెలిచినదానిలా ఇంటికొచ్చాను.

నాగమణి నవల సంగతి కొంచెం చెప్పాలి. అడవి ఊళ్ళలో ఇప్పచెట్లు ఎవరివి వాళ్ళవే, ఎవరి చెట్టు కింద రాలిన పువ్వు ఆ ఇంటివాళ్ళే ఏరుకుంటారు. నవలలో గంగి అనే ఆమెకు తల్లి తన చెట్టు ఇచ్చిపోతుంది. గంగి మొగుడు భీమయ్య కొత్త ఇల్లు కడదామని దూలాల కోసం ఆ చెట్టు కొట్టేస్తాడు. ఇల్లు కట్టేదేమో గంగి కోసమే. ఆ ఇంట్లో కాలు పెట్టనని గంగి మొగుణ్ణి వదిలి వెళ్ళిపోతుంది. ఎక్కడికి వెళ్ళిందో, మళ్ళీ కలిశారో లేదో చెప్పకుండా నవల అక్కడే ఆగిపోతుంది.

ఈ నవల మీద మాటలు ఎండ ఉండగా మొదలై దీపాలు పెట్టే వేళకు గానీ ఆగలేదు. సార్ ముగింపు తేలిపోయిందన్నాడు. బ్యాంకులో పనిచేసే ఒకాయన భీమయ్యకు అన్యాయం జరిగిందన్నాడు. కాలేజీ లెక్చరర్ ఒకామె, భీమయ్యను వెనకేసుకు రావడానికి సిగ్గుండాలని ఆయన మీద పడింది. కోయ మాటలు అర్థం కాలేదని ఒకరు, ఉన్నవి చాలలేదని ఇంకొకరు. టీ వచ్చింది. ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు, మీగడ కట్టి చల్లారిపోయింది. నాగమణి చేతులు ఒళ్ళో పెట్టుకుని, మాట్లాడేవాళ్ళ మొహాల్లోకి చూస్తూ కూర్చుంది. చివరికి సార్ నువ్వేమంటవమ్మా అంటే, ఇంకెవరన్నా మాట్లాడేవాళ్ళున్నరా అని మాత్రం అడిగింది. మొదట నాకు జాలేసింది, జాలి వెనక కాస్త సంతోషమూ ఉంది. పొద్దు వాలేకొద్దీ రెండూ పోయి కడుపు రగిలింది. వాళ్ళంతా పేజీలు తిప్పి చూపిస్తున్నారు. ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతున్నారు. నా పుస్తకం రోజున ఆ గదిలో ఎవరూ ఒక్క పేజీ తిప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక తను చేసిన పని మరే రచయితా చేయగా నేను చూడలేదు. అమ్మ చాటలో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే తను ఎదురుగా నిలబడి, తిట్టినవాళ్ళను ఒక్కొక్కరినీ వాళ్ళ గొంతుతోనే దించేసింది. సార్ కళ్ళజోడు తుడుచుకుంటూ నిట్టూర్చే తీరు, బ్యాంకాయన చూపుడువేలు, లెక్చరరమ్మ కొంగు బిగించడం, అన్నీ. వాళ్ళన్న మాట ఒక్కటీ వదల్లేదు. అమ్మ నవ్వు ఆపుకోలేక చాట కింద పెట్టేసింది. అది ఆట అనుకున్నాను గానీ, కొన్నాళ్ళకు అర్థమైంది, తన పద్ధతే అది. ఎవరి మాట అంటుంటే తనకు నవ్వొస్తుందో ఆ విమర్శను అక్కడితో వదిలేసేది. అంటూ అంటూ ఎక్కడైనా నవ్వు రాక గొంతు ఆగిపోతే, దాన్ని పట్టుకుని రేకుల గదిలోకి వెళ్ళిపోయేది. ఆ రోజు లెక్చరరమ్మ గొంతుతో, గంగి అన్నదమ్ములు సగం నవల తర్వాత ఏమైపోయారని అడుగుతూ ఆగిపోయింది. అన్నం కూడా తినకుండా వెళ్ళి తలుపు వేసుకుంది.

తర్వాతి నెలల్లో నేను పడిన బాధ ఎవరికీ చెప్పుకోలేనిది. నాగమణిని తిట్టడానికి మనుషులు మా దుకాణం అడ్రసు కనుక్కొని మరీ వచ్చేవాళ్ళు. కూతురు ఆ నవల చదివి మొగుడితో పేచీ పెట్టుకుందని ఇల్లెందు నుంచి ఒకాయన వచ్చి నాయినతో గొడవ పడ్డాడు. నాయిన కిరాయిదారు తరఫున కూడా అంతే గట్టిగా కొట్లాడి పంపించాడు. నా పుస్తకం తీసుకున్నవాళ్ళు ఎదురుపడితే, చదివామమ్మా, చాలా బాగుందనేవాళ్ళు. ఏ కథ అని అడిగితే అన్నీ అనేవాళ్ళు. ఇంటికొచ్చి తలుపు వేసుకుని, నాగమణి నవల తీసి, జనం ఇంత కోపం తెచ్చుకోవడానికి ఇందులో ఏముందని వెతుక్కునేదాన్ని. అక్కడక్కడా నేను దిద్దిన వాక్యాలు కనిపించేవి. వాటి మీద ఎవరూ ఏమీ అనలేదు.

అంతలో ఎండాకాలం సెలవులొచ్చాయి. నాగమణికి ఒక అన్న ఉన్నాడు, అతను ఆ నవలను వాళ్ళ ఊళ్ళో రోజూ సాయంత్రం కొంత చదివి, కోయలో విడమరిచి చెప్పాడట. నవల అయిపోయాక ఊరు ఊరుకోలేదు. తగువును నలుగురిలోకి తెచ్చిన మనిషి అది తెగేదాకా లేచిపోకూడదని అక్కడి కట్టుబాటు. నాగమణి గంగి తగువును జిల్లా అంతటికీ చాటి, తెంపకుండా వదిలేసింది. కాబట్టి వచ్చి కూర్చోవాలని పెద్దలు కబురు పంపారు. గంగి, భీమయ్య నిజం మనుషులు కాదని అన్న ఎంత చెప్పినా, మనుషులు లేకపోతే లేకపోయారు, తగువు ఉంది కదా అన్నారట. నాగమణి బట్టలు సర్దుకుంది. తోడు వెళ్తానని అమ్మకు చెప్పి నేనూ బయల్దేరాను. తోడూ లేదు పాడూ లేదు, అక్కడ ఎలా తిడతారో చూడకుండా ఉండలేకపోయాను.

కొత్తగూడెంలో బస్సు మారి, ములకలపల్లి నుంచి ఆటోలో ఊరు చేరాం. పటేల్ అనే ఊరి పెద్ద ఇంటి ముందు పందిరి వేసి ఉంది. లేని గంగి తరఫున ఒక ముసలామె కూర్చుంది, ఊరంతా ఆమెను పెద్దవ్వ అనేవాళ్ళు. లేని భీమయ్య తరఫున పటేల్ బావమరిది కూర్చున్నాడు. నా కోసం సగం మాటలు తెలుగులో మాట్లాడారు. చెట్టు కొట్టింది నిజమే, కానీ ఇల్లు ఎవరి కోసం కడుతున్నాడని బావమరిది అడిగాడు. తల్లి ఇచ్చిన చెట్టు కొట్టేముందు ఒక్క మాట అడిగాడా అని పెద్దవ్వ అడిగింది. అడవికి పోయి కట్టెలతో తిరిగొచ్చిన ఆడవాళ్ళు మోపులు దించి అక్కడే నిలబడి, పెద్దవ్వ వైపు మాట కలిపారు. కల్లు గీసి వచ్చినవాళ్ళు భీమయ్య వైపు చేరారు. మధ్యలో ఎవరో నవలలో భీమయ్య గొడ్డలి తీసుకున్నప్పుడు అన్న మాటను పొల్లు పోకుండా అప్పజెప్పారు. నాగమణి పందిరి గుంజకు ఆనుకుని అంతా వింటోంది. ప్రెస్సు మేడ మీద కూర్చున్నట్టే చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

భోజనాల దగ్గర పటేల్ నన్ను చూపించి, ఈ పిల్ల కూడా పుస్తకం రాసిందట, ఒకటి చదవమనండి అన్నాడు. సంచిలో నా పుస్తకం ఉంది. ఎక్కడికెళ్ళినా ఉండేది. కూతురి మార్కులు చూసి మారిపోయే తండ్రి కథే చదివాను. నాగమణి అన్న కోయలో చెప్పుకుంటూ వచ్చాడు. అందరూ కదలకుండా విన్నారు. అయిపోయాక పెద్దవ్వ నా తల నిమిరి, "మంచిగున్నది బిడ్డా" అని, అడ్డాకు విస్తరిలో నాకు ఇంకో ముక్క కోడికూర వేయించింది. తర్వాత అందరూ చేతులు కడుక్కుని మళ్ళీ గంగి దగ్గరికి పోయారు. నా కథలో తండ్రి తరఫున కూర్చుంటామని గానీ, కూతురి తరఫున కూర్చుంటామని గానీ ఎవరూ అనలేదు. ఆ కోడికూర ముక్కను విస్తరిలోనే వదిలేశాను. లోకంలో ఇంత కుళ్ళు ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. పుస్తకాలు అమ్ముడుపోయినా, పోకపోయినా పడే బాధ వేరు. పరాయి ఊళ్ళో, చదువు రాని మనుషులు, లేని ఆడదాని కోసం గొంతులు చించుకుంటున్నారు. ఆ ఆడదాన్ని పుట్టించింది మా రేకుల గదిలో కిరాయికుండే పిల్ల.

మర్నాడు పొద్దున తగువు మళ్ళీ మొదలైంది. ఎండెక్కేదాకా ఓర్చుకుని, ఇక ఓర్చుకోలేక నేను లేచాను. తనకు గుచ్చుకునేలా ఒక్క మాట అనాలని లేచాను, అందులో దాపరికమేమీ లేదు.

"తప్పు గంగిది కాదు, భీమయ్యది కాదు, రాసినామెది," అన్నాను. "సగం పుస్తకం దాక గంగి ఆ చెట్టును కంటికి రెప్ప లెక్క కాసింది. కొట్టిన రోజు మాత్రం సంతకు పోయింది. ఎందుకు పోయింది? నాగమణే పంపింది. గంగి ఆడుంటే గొడ్డలికి అడ్డం నిలబడేది. అప్పుడు మొగుడు పెండ్లాలు ఏమనుకుంటరో రాయాల్సొచ్చేది. అది రాయనీకి ఈమెకు ధైర్యం చాలలే."

అన్న అదంతా కోయలో చెప్పాడు. కూర్చున్నాక నాకే తెలిసింది, కోపంతో అన్నా నేనన్నది నిజమని. పెద్దవ్వ గుంజ వైపు తిరిగి, "అవ్, సంతకు ఎందుకు పంపినవ్?" అని అడిగింది. నాగమణి ఆమె వైపు చూడలేదు, నా వైపే చూసింది. అలాంటి చూపు తన మొహంలో అంతకుముందు నేను ఎరగను. కోపమో, భయమో తెలియక నేను తల దించుకున్నాను.

ఆ సాయంత్రానికి ఊరు తగువు తెంపింది. భీమయ్య ఇప్పమొక్క నాటి పెంచాలి. అది పూతకొచ్చేదాకా తన తల్లి చెట్టు కింది పువ్వు గంగికి వదిలెయ్యాలి. గంగి ఆ ఇంట్లో ఉంటుందో లేదో ఆమె ఇష్టం, ఎవరూ అడగకూడదు. ఇక ఇదంతా పుస్తకంలో రాయాలని పటేల్ నాగమణితో అన్నాడు. తను లేచి నిలబడి, "మీరు తెంపిండ్రు గదా," అంది. "నేనే తెంపి రాస్తే మీరు గిట్ల కూసునేటోళ్ళు కాదు. పుస్తకంల అట్లనే ఉండనీయండ్రి." పటేల్ చాలాసేపు ఆలోచించి, సరే, ఈసారి రాసేముందు మాకు ఒక మాట చెప్పు అన్నాడు. అందరూ నవ్వారు, నేను తప్ప.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని తను మామూలుగానే అందరినీ దించేసింది. పటేల్ ఆలోచించే తీరు, బావమరిది గొంతు సవరింపు, పెద్దవ్వ అడిగిండా అని చెయ్యి తిప్పడం. ముందు సీటులో ముసలాయన కూడా వెనక్కి తిరిగి నవ్వుకుంటున్నాడు. నా వంతు వస్తుందని కాచుకున్నాను, రాలేదు. నన్నెందుకు వదిలేశావని అడిగితే, "నీది అంటుంటే నవ్వొస్తలేదు," అని కిటికీ వైపు తిరిగింది. సంతోషించాల్సిన మాటే. కానీ నాకు అది చాలలేదు. తన పుస్తకానికి నేను ఇంత చేశాను, నా పుస్తకం వచ్చి ఏడాది దాటినా తను ఒక్క లోపం చూపించలేదు. అదే అడిగాను. నా పుస్తకం తిట్టడానికి కూడా పనికిరాదా అన్నాను. గొంతు పెద్దదైనట్టుంది, కండక్టర్ కూడా చూశాడు.

"నువ్వు తిట్టనిచ్చినవా?" అంది నాగమణి. "సార్ నోరు తెరిస్తే మీదికి పోయినవ్. అయిపోయినంక ఎవ్వలు మాట్లాడతరు? నేనే చానా సార్లు చెప్దామనుకొని ఊకున్న. మీ నాయిన ముందట పరుపు పట్టుకొని నిలబడ్డట్టే ఉంటది నీ ముందట."

చెప్పు, ఇప్పుడు చెప్పు అన్నాను. కొత్తగూడెం దాటిన దగ్గర మొదలుపెట్టి ఖమ్మం బస్టాండు దాకా చెప్పింది. ఒక్కొక్క కథ తీసి, తోలు వలిచినట్టు చెప్పింది. నా మొహం మాడిపోయింది. మధ్యలో బస్సు ఆగితే దిగి ఇంకో బస్సు ఎక్కుతానన్నాను, తను నా సంచి పట్టుకుని కూర్చోబెట్టింది. చెప్పినవాటిలో చాలా మర్చిపోయాను. ఒక్కటి మర్చిపోలేదు. "నీ కథలల్ల అందరు మంచోళ్ళే ఇమాంబీ. కోపమొచ్చినోడు గూడ పేజీ తిప్పేసరికి మంచిగైతడు. అందరు మంచోళ్ళైతే పంచాయితి ఎవ్వల మీద పెట్టాలె?" ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఖమ్మంలో దిగాక తను మిర్చి బజ్జీలు తెచ్చింది, తినలేదు. ఇంటికెళ్ళి తనతో కొన్నాళ్ళు ముక్తసరిగా మాట్లాడాను. లోలోపల మాత్రం, నా పుస్తకం అంతా చదివిన మనిషి ఒకరున్నారని ఒక చిన్న ధీమా.

ఇప్పుడు పుస్తకం వస్తే ఆ సాయంత్రానికే ఫోన్లో వందల బొమ్మలు వాలుతాయి. చప్పట్లు, దండాలు, ఎర్ర గుండెకాయలు. అద్భుతం మేడం, కళ్ళు చెమర్చాయి మేడం. ప్యాకెట్టు చించకముందే కళ్ళు చెమర్చినవాళ్ళూ ఉన్నారు. తిట్టేవాళ్ళు కూడా పుస్తకం తెరవరు, నా పేరు చూసి తిడతారు, ఊరు చూసి తిడతారు. ఆ తిట్లను నాగమణి పద్ధతిలో అని చూశాను, నవ్వూ రాదు, గొంతూ ఆగదు. ప్రెస్సు మేడ ఇప్పుడు కోచింగ్ సెంటరు. సార్ పోయి చాలా కాలమైంది. మాటకు మాట అడ్డం పడి, టీ చల్లారబెట్టుకున్న ఆ సాయంత్రాలు నా పుస్తకానికి దక్కలేదన్న బాధ ఇప్పటికీ తగ్గలేదు, తగ్గినట్టు నటించను. రాయడం మొదలుపెట్టిన పిల్లలు వచ్చి, విమర్శ వస్తే ఏం చెయ్యాలి మేడం అని అడిగితే, ముందు రానివ్వండి అంటాను. వాళ్ళకు అది నచ్చదు.

అప్పట్లో నా రెండో పుస్తకం వచ్చేసరికి నాకు బోనకల్ దగ్గర బళ్ళో ఉద్యోగం వచ్చింది, రోజూ రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. నాగమణి ములకలపల్లి వైపు ఆశ్రమ పాఠశాలలో చేరింది, రేకుల గదిలోకి వేరేవాళ్ళు వచ్చారు. ఆ పుస్తకంలో ఇద్దరు స్నేహితురాళ్ళ కథ ఒకటి రాశాను. ఒకత్తె ఇంకొకత్తెను చూసి కుళ్ళి చచ్చిపోతుంటుంది. ఇంకొకత్తె అదేమీ పట్టనట్టు చల్లగా, నవ్వుతూ ఉంటుంది. మొదటిసారి నా కథలో ఒక మంచిది కాని మనిషి ఉందని, అది నేనేనని గర్వపడ్డాను. ఒక ఆదివారం పొద్దున నాగమణి వచ్చింది. ఎప్పుడూ వచ్చినట్టు దొడ్డి దారిన రాలేదు. దుకాణం ముందు రోడ్డు మీదే నిలబడింది. చేతిలో నా పుస్తకం ఉంది, పేజీలు అక్కడక్కడా మడతపెట్టి ఉన్నాయి.

"అబద్ధం రాసినవ్," అంది. మొహం ఎర్రబడి ఉంది. "నాకు కుళ్ళు లేదని ఎవ్వలు చెప్పిండ్రు నీకు? నీ తెలుగు చూస్తే నాకు కడుపు మండేది. పుట్టుకతోనే నోటికొచ్చింది నీకు, నేను ఒక్కొక్క మాటకు నీ గడప తొక్కాలె. మీ అమ్మ నీకు జడేస్తుంటే రేకుల గదిల కూసొని ఏడ్చిన. ఎవ్వలన్న నిన్ను ఒక మాటంటే కొట్లాడనీకి మీ నాయిన ఉన్నడు. నాకెవ్వలున్నరు? అవన్ని ఏవి ఇండ్ల? నన్ను గూడ మంచిదాన్ని చేసి పడేసినవ్. మల్ల గదే తప్పు."

రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. తను పేజీలు తిప్పి చూపిస్తోంది, ఇక్కడ అబద్ధం, ఇక్కడ అబద్ధం అని వేలితో కొడుతోంది. నా ఒంట్లో నాయిన రక్తమంతా నోట్లోకి వచ్చింది. మా అమ్మ తనకు ఎన్నిసార్లు జడ వేసిందో, మా నాయిన తన తరఫున ఎలా కొట్లాడాడో చెప్పడానికి మాట నాలుక మీదికి వచ్చింది. పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అవి ఎందుకో నాకు తెలుసు. లోపల మిషన్ చప్పుడు ఆగింది. నాయిన గడ్డం నిండా దూదితో, దబ్బనం చేతిలో పట్టుకునే బయటికొచ్చాడు. నా మొహం చూశాడు, నాగమణి మొహం చూశాడు. నా తరఫున కొట్లాటకు సిద్ధమై, "ఏందమ్మా లొల్లి, ఏమైంది?" అని అడిగాడు.

"ఏం కాలేదు నాయినా," అన్నాను. "నా పుస్తకం చదివింది."